చురుకైన చిన్న కారు ఎంత తాగుతుంది?

కారు కొనబోయే ఇంట్లో సాధారణంగా రెండు పక్షాలుంటాయి. ఒక పక్షానికి నాయకుడు చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి. ఈ రోజుల్లో అమ్మాయి కూడా కావచ్చు. వీరికి కావలసింది చూడటానికి ముచ్చటగా ఉండి, కాలు ఆనించగానే ముందుకు దూకే కారు. రెండో పక్షానికి నాయకులు నాన్నగారు. వారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి వేసి చూసి, షోరూములోని కుర్రవాణ్ణి అడిగేది ఒకటే ప్రశ్న: "లీటరుకు ఎంత ఇస్తుందోయ్?" అమ్మగారు ఏ పక్షంలోనూ చేరరు. వెనుక సీట్లో మోకాళ్ళు ముడుచుకోకుండా కూర్చోగలిగితే ఆవిడకు ఏ కారయినా ఒకటే.

నాన్నగారి ప్రశ్నలో తప్పు లేదు. కారు కొనేది ఒక్కసారి. పెట్రోలు మాత్రం కారు ఉన్నన్నాళ్ళూ కొంటూనే ఉండాలి. చిక్కల్లా ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే. కాగితం మీద ఇరవై అయిదని ఉన్న కారు ఊళ్ళో పదిహేను ఇచ్చిందనుకోండి. "కంపెనీవాడు మోసం చేశాడు" అంటారు నాన్నగారు. "మోసం కంపెనీవాడిది కాదు, మీ అబ్బాయి కాలిది" అంటాడు మెకానిక్కు. "అసలు ఈ ఉరుకులు పెట్టే కారు వద్దని నేను ముందే చెప్పాను" అని మామయ్య మధ్యలో ఓ మాట విసురుతాడు.

ఈ ముగ్గురిలో ఎవరి మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడవచ్చు. ముందుగా మామయ్య మాట తీసుకుందాం. ఎందుకంటే, చురుకు వేరు, పొదుపు వేరు అన్న అభిప్రాయం మనలో చాలా మందికి ఉంది.

పొదుపు కోసం పుట్టి పందెం గెలిచిన బండి

1956లో ఈజిప్టు ప్రభుత్వం సూయజ్ కాలువను జాతీయం చేసింది. దాని మీద జరిగిన యుద్ధంలో కాలువ మూతపడి, బ్రిటనుకు చమురు రావడం కష్టమయింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి అక్కడ పెట్రోలుకు రేషను పెట్టారు. పెద్ద కార్లున్న వాళ్ళు వాటిని షెడ్లలోనే ఉంచారు. జర్మనీ నుంచి వచ్చిన మూడు చక్రాల బుడగ కార్లు లండను వీధుల్లో తిరగసాగాయి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డుకు ఆ బుడగ కార్లంటే ఒళ్ళు మంట. వాటిని వీధుల్లోంచి తరిమేసే అసలు సిసలైన చిన్న కారు ఒకటి కావాలని అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరుకు పని అప్పగించాడు. ఒకే షరతు: ఇంజను మాత్రం కంపెనీ దగ్గర ఉన్నదే వాడాలి.

ఇసిగోనిస్ ఆ ఇంజనును పొడుగ్గా కాక అడ్డంగా పెట్టాడు. గేరుపెట్టెను దాని కిందనే ఇమిడ్చాడు. పది అంగుళాల బుల్లి చక్రాలు చేయించాడు. పది అడుగుల పొడుగున్న కారులో నలుగురు మనుషులు కూర్చునేందుకు చోటు దొరికింది. 1959లో అది 'మినీ'గా బజారులోకి వచ్చింది. ఇంజను 848 సి.సి., బలం 34 అశ్వాలు మాత్రమే.

అంతటితో ఆగితే అది పొదుపు కారు కథ. కాని పందెపు కార్లు తయారుచేసే జాన్ కూపరు ఈ కారును నడిపి చూసి, తేలికగా ఉండి చక్రాలు నాలుగు మూలలా ఉన్న ఈ బండి మలుపుల్లో నేలను పట్టుకుని పోతున్నదని గమనించాడు. అతని చేయి పడి 1961లో 55 అశ్వాల బలంతో 'మినీ కూపర్' వచ్చింది. 1964లో మాంటి కార్లో ర్యాలీలో, మంచు కొండల దారుల్లో, అమెరికావారి పెద్ద పెద్ద ఫోర్డు ఫాల్కన్ కార్లను వెనుకబెట్టి ప్యాడీ హాప్‌కర్క్ నడిపిన మినీ కూపర్ ఎస్ మొదటి స్థానం గెలిచింది. 1965లోనూ, 1967లోనూ మళ్ళీ మినీయే గెలిచింది. 1966లో కూడా ముందు వచ్చింది గాని, దీపాలు నియమం ప్రకారం లేవని తోసిపుచ్చారు. ఆ తగాదా గురించి ఇంగ్లండులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మామయ్యకు చెప్పవలసింది ఇదే. తేలికైన బండి కదలడానికి తక్కువ పెట్రోలు చాలు. అదే తేలికదనం వల్ల కాలు నొక్కితే అది లేడిలా గెంతుతుంది. రెండు గుణాలకూ మూలం ఒకటే. మన రోడ్ల మీద 2005 నుంచి తిరుగుతున్న మారుతి స్విఫ్టునే చూడండి. 2024లో వచ్చిన కొత్త నమూనా బరువు తొమ్మిది వందల కిలోల పైచిలుకు. 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, 82 అశ్వాల బలం. చేతి గేర్ల కారుకు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 24.8 కిలోమీటర్లు. మరీ ఉరికే రకాల సంగతి చూసినా, 2013లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో జి.టి.కి 17.2, 2017 నాటి బలేనో ఆర్.ఎస్.కు 21.1, 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైనుకు ఇరవై అని చెప్పారు. కాగితం మీద ఇవేవీ తాగుబోతులు కావు.

కాగితం మీది అంకె ఎక్కడ పుట్టింది?

ఇప్పుడు నాన్నగారి అభియోగం. ఆ అంకె రోడ్డు మీద పుట్టింది కాదు, పరీక్ష గదిలో పుట్టింది. 1966లో పుణెలో నెలకొల్పిన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థల్లో కారును గదిలో రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి గాని కారు అంగుళం కదలదు. ఎదురుగా పంకా గాలి. డ్రైవరు ఒక తెర మీద కనిపించే గీతను అనుసరించి వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతాడు. తమాషా ఏమంటే, అక్కడ పెట్రోలును కొలవరు! పొగగొట్టం నుంచి వచ్చే పొగను సంచుల్లో పట్టి, అందులో ఉన్న బొగ్గుపులుసు వాయువు వగైరాలను తూచి, ఇంత పొగ రావాలంటే ఇంత పెట్రోలు కాలి ఉండాలని వెనక్కి లెక్క కడతారు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది గనుక ఆ లెక్క నిక్కచ్చిగానే తేలుతుంది.

కొలత నిక్కచ్చిదే. కొలిచిన ప్రయాణమే మనది కాదు. పైన చెప్పిన మైలేజీలన్నీ యూరపువారి పాత పరీక్షను మన దేశానికి తగినట్టు మార్చుకున్న పద్ధతిలో తీసినవి. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా నిండదు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఎ.సి. వెయ్యరు. ఊరి భాగంలో నిలబడ్డ కారు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తీసుకునే సమయం 26 సెకన్లు. ఇరవై ఆరు! మన అమీర్‌పేట సిగ్నలు దగ్గర అంత నిదానంగా కదిలితే వెనుక ఆటోవాడు ఊరుకుంటాడా? ఆ 26 సెకన్లలో, గట్టిగా తొక్కితే, స్విఫ్టు వంటి కారు గంటకు నూరు కిలోమీటర్లు దాటిపోగలదు. ఉరికేందుకని కొన్న కారుకు ఉరకనక్కరలేని పరీక్ష పెట్టి మార్కులు వేసినట్టయింది.

అంకెల్లో దొంగలెక్కలు ఎన్నడూ జరగలేదని కాదు. 2016లో జపానులో మిత్సుబిషి కంపెనీ ఆరు లక్షల పైచిలుకు చిన్న కార్ల విషయంలో మైలేజీ వివరాలను తారుమారు చేసినట్టు ఒప్పుకున్నది. కాని మనకు కనిపించే తేడా అంతటికీ దొంగలెక్కలే కారణం అనుకోవడం పొరపాటు. యూరపులో 2017 నుంచి పాత పరీక్షను మార్చి, గంటకు 130 కిలోమీటర్ల దాకా నడిపే కొత్త పరీక్ష పెట్టారు. అంతటితో ఊరుకోక, కొత్త కార్లలో అసలు ఎంత ఇంధనం కాలుతున్నదో నమోదుచేసే ఏర్పాటు కూడా తప్పనిసరి చేశారు. 2021లో రోడ్డెక్కిన కార్ల లెక్కలను యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో బయటపెట్టింది. కఠినమైన ఆ కొత్త పరీక్ష చెప్పినదానికంటె పెట్రోలు కార్లు నిజంగా 23.7 శాతం ఎక్కువ తాగుతున్నాయట! ఇంకా మెత్తని పరీక్షలో పుట్టిన అంకె మన రోడ్డు మీద నిలబడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

బ్రేకు కింద మూడు చెంచాలు

మిగిలింది మెకానిక్కు మాట. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఒక లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో, ఊరి తిరుగుడులో, సుమారు నాలుగో వంతు మాత్రమే చక్రాలకు అందుతుంది. తక్కినదంతా వేడిగా రేడియేటరులోంచీ, పొగగొట్టంలోంచీ పోతుంది. ఆ నాలుగో వంతుతోనే మనం ప్రయాణం చెయ్యాలి. ఇద్దరు మనుషులతో ఒక టన్ను పైన తూగే చిన్న కారును నిలబడ్డ చోటు నుంచి గంటకు 60 కిలోమీటర్ల వేగానికి తేవడానికి, ఈ లెక్కన, పద్దెనిమిది మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. అంటే కాఫీలో పంచదార వేసుకునే చెంచాతో మూడు చెంచాల పైన. ముందు సిగ్నలులో ఎర్రదీపం చూసి బ్రేకు నొక్కారా, ఆ మూడు చెంచాలూ బ్రేకు రేకుల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోయినట్టే.

అదే 40 దాకా మాత్రమే పెంచి ఉంటే? ఎనిమిది మిల్లీలీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఖర్చు ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు. ఆఫీసుకు పోయే పది కిలోమీటర్లలో ఇరవై చోట్ల ఆగవలసి వస్తుందనుకోండి. ఆగిన ప్రతిసారీ 60కి ఉరికించేవాడికీ, 40తో సరిపెట్టుకునేవాడికీ దాదాపు రెండు వందల మిల్లీలీటర్ల తేడా. లెక్క సులువుగా ఉండేందుకు లీటరు నూరు రూపాయలనుకుందాం. పోనూ రానూ రోజుకు 40 రూపాయలు, నెలకు పాతిక రోజులయితే వెయ్యి రూపాయలు. ఇద్దరూ ఆ తరువాతి ఎర్రదీపం దగ్గర పక్కపక్కనే నిలబడి ఉంటారు.

పెద్ద రోడ్డు మీద ఎర్రదీపాలు లేవు గాని, అక్కడ గాలి ఉంది. గాలి ఎదురొత్తిడి కూడా ఇదే సూత్రం ప్రకారం పెరుగుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు 80తో పోయేవాడి కంటె 120తో పోదామనుకునేవాడి కారును గాలి రెండుంబావు రెట్లు గట్టిగా వెనక్కి నెడుతుంది. (ఆ రోడ్డు మీద 120తో పోవడం చట్టానికీ, ప్రాణానికీ కూడా మంచిది కాదనుకోండి, అది వేరే సంగతి.) అందుకే నిదానంగా నడిపేవారి చిన్న కారు ఊళ్ళో కంటె దూర ప్రయాణంలో ఎంతో ఎక్కువ ఇచ్చి, కాగితం మీది అంకెకు దగ్గరగా వచ్చి సంతోషపెడుతుంది.

ఉరికే కార్లలో చాలా వాటికి టర్బోఛార్జరు అనే పరికరం ఉంటుంది. పొగగొట్టంలోంచి దూసుకుపోయే పొగ ఒక బుల్లి చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంజనులోకి గాలిని దట్టించి పంపుతుంది. ఒక కిలో పెట్రోలు సరిగా కాలడానికి పద్నాలుగు కిలోల పైన గాలి కావాలి. గాలి ఎక్కువ దట్టిస్తే పెట్రోలూ ఎక్కువ పొయ్యవచ్చు. అందువల్ల ఒక లీటరు ఇంజను అవసరమైనప్పుడు ఒకటిన్నర లీటర్ల ఇంజను పని చేస్తుంది, అవసరం లేనప్పుడు చిన్న ఇంజనుగానే ఉండి కొద్దిగా తాగుతుంది. పరీక్ష గదిలో అది ఎప్పుడూ చిన్న ఇంజనే. మన చేతిలో ఏ ఇంజను అవుతుందన్నది మన కాలిని బట్టి. పైగా పూర్తిగా తొక్కినప్పుడు లోపల వేడి మితిమీరకుండా చల్లార్చేందుకు చాలా టర్బో ఇంజన్లు అవసరానికి మించి పెట్రోలు పోసుకుంటాయి.

కాని టర్బో కారులో ఒక సుగుణం ఉంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. ఐ20 ఎన్ లైనులో ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగేసరికే లాగే బలం పూర్తిగా అందుతుంది. కొత్త స్విఫ్టులో అది 4300 చుట్ల దగ్గర గాని అందదు. అంటే టర్బో కారును అరిపించనక్కరలేదు. తొందరగా పై గేరు వేసి, కాలు మెత్తగా ఉంచి నడిపినా చక్కగా లాగుతుంది. ఇంజను అరిస్తేనే కారు పోతున్నట్టు అనిపించే కుర్రవాళ్ళకు ఈ సంగతి రుచించదు.

దూకుడుగా నడపడం వల్ల ఊరి రద్దీలో మైలేజీ 10 నుంచి 40 శాతం దాకా, పెద్ద రోడ్ల మీద 15 నుంచి 30 శాతం దాకా పడిపోవచ్చునని అమెరికా ఇంధన శాఖ చెబుతున్నది. ఇక మన ఊళ్ళలో ట్రాఫిక్కులో ఊరికే నిలబడిన గంటకు చిన్న ఇంజను సుమారు అర లీటరు తాగుతుంది. ఎ.సి. వేస్తే ఇంకా పైన. మే నెలలో ఎ.సి. ఆపి పెట్రోలు మిగుల్చుకొమ్మని నేను ఎవరికీ చెప్పను.

న్యూట్రలు భ్రమ

అంబాసిడరు, ఫియట్టు కార్ల నాటి డ్రైవర్లు పల్లంలో గేరు తీసి న్యూట్రల్లో దొర్లించేవారు. కార్బ్యురేటరు రోజుల్లో దానివల్ల నాలుగు చుక్కలు మిగిలేవేమో. ఇప్పటి కార్లలో అది తలకిందులైంది. గేరులోనే ఉంచి కాలు పూర్తిగా తీస్తే, కారు తన ఊపుతో ఇంజనును తిప్పుతుంది గనుక, లోపలి కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండేందుకు మళ్ళీ పెట్రోలు పొయ్యాలి. అరకు ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్లో దిగేవారు బ్రేకులను వేడెక్కించి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే కాక, పెట్రోలు కూడా దండగ చేస్తున్నారన్నమాట.

ఎత్తయిన, వెడల్పాటి టైర్లు తొడిగించే సరదా మరొకటి. కారు చూడటానికి పులిలా ఉంటుంది. బరువు, రాపిడి పెరిగి పెట్రోలు కూడా పులిలాగే తాగుతుంది. టైర్లలో గాలి తక్కువగా ఉండటమూ అంతే.

2023 నుంచి మన బంకుల్లోకి వచ్చిన ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇథనాలులో పెట్రోలుకున్న శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది. ఈ మిశ్రమంతో పాత కార్ల మైలేజీ 6, 7 శాతం దాకా తగ్గవచ్చుననీ, దానికి తగినట్టు సర్దిన కార్లలో తగ్గుదల ఒకటి రెండు శాతమేననీ నీతి ఆయోగు 2021 నాటి నివేదికలో అంచనా వేసింది. కాబట్టి పాత స్విఫ్టు హఠాత్తుగా కొంచెం ఎక్కువ తాగితే అబ్బాయినొక్కణ్ణే తిట్టనక్కరలేదు.

ఇంట్లోనే కొలవడం

మీ కారు మీ చేతిలో ఎంత ఇస్తుందో ఏ కంపెనీవాడూ చెప్పలేడు, మీరే చెప్పాలి. బంకులో పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించండి. "ఇంకో యాభై రూపాయలకు పొయ్యి" అని పీకల దాకా పోయించవద్దు. మీటరు సున్నా చేయండి. ట్యాంకు ముప్పాతిక వంతు ఖాళీ అయ్యేదాకా మామూలుగా తిరిగి, వీలయితే అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్ళీ నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. అయిదు లీటర్లకే లెక్క కడితే, నింపడంలో అర లీటరు అటూ ఇటూ అయినా పది శాతం తప్పు వస్తుంది. ముప్పై లీటర్లకయితే ఆ తప్పు రెండు శాతం లోపే. వరసగా మూడు నాలుగు ట్యాంకులు చూడాలి. డాషుబోర్డు మీద కనిపించే అంకె కొంచెం ముఖస్తుతి చేస్తుంది, బిల్లులు చెయ్యవు.

సగటు తీయడంలో ఒక కిటుకు. ఊళ్ళో 12, బయట 20 ఇచ్చే కారుకు సగటు 16 అనుకుంటాం. ఊళ్ళో నూరు, బయట నూరు కిలోమీటర్లు తిరిగితే పట్టే పెట్రోలు 8.33, 5 – మొత్తం 13.33 లీటర్లు. సగటు 15 మాత్రమే. ఊరి తిరుగుడు ఎప్పుడూ తన వాటా కంటె ఎక్కువ లాగుతుంది.

ఇంకొకటి. 20 ఇచ్చే కారు మాని 25 ఇచ్చే కారు కొంటే అయిదు కిలోమీటర్లు లాభమంటారు. 12 ఇచ్చేది 15 ఇస్తే మూడే గదా అని తీసిపారేస్తారు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి లెక్క వేయండి. మొదటి మార్పులో 600 లీటర్లు 480 అవుతాయి. మిగిలేది 120 లీటర్లు. రెండో మార్పులో 1000 లీటర్లు 800 అవుతాయి. మిగిలేది 200 లీటర్లు. మూడు అయిదు కంటె పెద్దదయింది! లీటరు నూరు రూపాయల చొప్పున ఏడాదికి ఇరవై వేలు. పిల్లవాడి స్కూలు బస్సు ఖర్చుకు సాయం.

అందుచేత, కాగితం మీద 25 ఉన్న సాధువైన కారుకూ, 20 ఉన్న చురుకైన కారుకూ నడుమ ఉన్న తేడా కంటె, ఆ చురుకైన కారులోనే మెత్తని కాలికీ మొరటు కాలికీ నడుమ ఉన్న తేడా పెద్దదని నా అభిప్రాయం. చురుకైన కారు కొనాలని ఇంట్లో కోరిక ఉంటే నాన్నగారు కాగితం మీది అంకెలో మూడో వంతు కోసేసి ఇంటి బడ్జెటు వేసుకుని, నెలనెలా పెట్రోలు పుస్తకం రాసే పని అబ్బాయికే అప్పగించడం మంచిది. తన కాలు ఎంత ఖర్చు చేస్తున్నదో తన చేతి రాతతో కనిపిస్తే, ఒకరు చెప్పే పని ఉండదు.

పాత కారు కొనేవారికి ఒక మాట. పోలో అమ్మకాలు మన దేశంలో 2022లో ఆగిపోయాయి, బలేనో ఆర్.ఎస్. అంతకు ముందే ఆగింది. వీటిని ఇప్పుడు కొనాలంటే మరొకరు వాడినదే దొరుకుతుంది. అమ్మేవారు "లీటరుకు పద్దెనిమిది, కళ్ళు మూసుకు తీసుకోండి" అంటే కళ్ళు తెరిచి ముందు చక్రాలు చూడండి. ఈ కార్లన్నీ ముందు చక్రాలతో లాగేవే. వెనుక టైర్లు బాగానే ఉండి ముందు టైర్లు భుజాల దగ్గర అరిగి నున్నబడ్డాయా, చక్రాల అమరిక చెడిందా అని మెకానిక్కు చేత చూపించండి. అమరిక సరిగానే ఉందంటే మలుపుల్లోనూ సిగ్నళ్ళ దగ్గరా ఆ కారు ఏ కాలి కింద పెరిగిందో ఆ టైర్లే చెబుతాయి. అప్పుడు ధర తగ్గించి అడగవచ్చు.